నిల్ మేడం అడిగిన ప్రశ్నలు

కోర్టు గేటుకు ఎదురుగా నాదొక జిరాక్సు షాపు. వకీళ్ళు కాగితాలు నా చేతిలో పెట్టి, కాపీలు బయటికి వచ్చేలోగా లోకంలో ఉన్నవాళ్ళందరి గురించీ మాట్లాడేసుకుంటారు. మిషను పక్కన నిలబడ్డవాడికి కూడా చెవులుంటాయన్న సంగతి వాళ్ళకు తోచదు. వకీలైన మా ఆవిడకు కోర్టులో ‘నిల్ మేడం’ అనే పేరుందని నాకు అలాగే తెలిసింది. "ఇవాళ మనకి అవతల నిల్ మేడమే. భోజనం వేళకల్లా బయటపడతాం" అన్నాడొక కుర్ర వకీలు, ఆవిడ మొగుడే తన కాగితాలకు పిన్ను కొడుతున్నాడని తెలియక. అతని కాపీలు కాస్త వంకరగా వచ్చాయి. మిషన్లన్నాక అప్పుడప్పుడూ అలా అవుతుంది.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. సాక్షి బోనెక్కి తను చెప్పదలచింది చెప్పాక జడ్జి గారు అవతలి వకీలు వైపు చూస్తారు. సాక్షి మాటలో పస ఎంతో తేల్చాలంటే అప్పుడే ప్రశ్నలు వేయాలి. దాన్నే క్రాస్ అంటారు. అడిగేదేమీ లేదంటే "క్రాస్ నిల్" అని టైపిస్టు చేత కొట్టిస్తారు. మా ఆవిడ కేసుల్లో సాక్షి ఎవరైనా సరే, చివర ఉండేవి ఆ రెండు మాటలే.

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న సామెత ఆవిడను చూసే పుట్టి ఉండాలి. నేను ఎప్పుడైనా ఆలస్యంగా ఇల్లు చేరి, ఫలానా ఆయన కనబడి ఆపేశాడని చెబితే, "ఎక్కడ కనబడ్డాడు? నడిచొస్తున్నాడా, బండి మీదా? ఆయన కాలికి కట్టు ఉండాలే?" అని నన్ను గోడకు ఆనించేస్తుంది. నల్లకోటు తగిలించుకోగానే ఆ నోరు ఎక్కడికి పోతుందో!

పోవడానికి కారణం లేకపోలేదు. ఆవిడ సీనియర్ గారిది వరండా ఈ చివర మాట్లాడితే ఆ చివర వినిపించే గొంతు. "క్రాస్ అంటే గదమాయింపు. నువ్వు అబద్ధం చెబుతున్నావని మొహం మీద అనెయ్. సగం మంది అక్కడే తడబడతారు" అని ఆయన నేర్పారు. ఆవిడకు తగిలిన మొదటి సాక్షి రిటైరైన పోస్టుమాస్టరు. తండ్రి వయసు మనిషి. మా ఆవిడ లేచి, "మీరు అబద్ధం చెబుతున్నారని నేనంటున్నాను" అంది. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. "ఏమ్మా, వినబడలేదు" అన్నాడాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. మళ్ళీ అంది. "సిగ్గుపడకు తల్లీ, కొంచెం గట్టిగా చెప్పు" అన్నాడు ఎంతో ప్రేమగా. కోర్టంతా గొల్లుమంది. జడ్జి గారు కూడా కళ్ళజోడు తుడుచుకునే మిషతో తల దించుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ అర్జీలు రాసింది, నోటీసులు రాసింది, కొట్టుకునేవాళ్ళను కూర్చోబెట్టి రాజీ చేసింది. ఆవిడ రాసిన కాగితానికి వంక పెట్టినవాడు లేడు. బోనులో ఉన్న మనిషి ఎదుట మాత్రం మళ్ళీ నోరు విప్పలేదు. అలాగే రోజులు వెళ్ళిపోయేవి, వంటావిడ కేసు రాకపోతే.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళకు కోర్టే ఒకరిని ఇస్తుంది. ఆ వంతు మా ఆవిడకు వచ్చింది. ముద్దాయి అమ్మాయిల హాస్టల్లో వంట చేసే మనిషి. ఒక మధ్యాహ్నం హాస్టల్ వంటింట్లో గ్యాసు నిండిపోయి ఉండగా, తెలియక లైటు స్విచ్చి వేసిన అమ్మాయి చేతులు కాలాయి. వంటావిడ గ్యాసు కట్టకుండా, పని మధ్యలో ఇంటికి పోయిందని కేసు. తను ఎక్కడికీ పోలేదని, పెరట్లో ఉన్న సామాన్ల గదిలో ఉన్నానని, గ్యాసు గొట్టం పాడైందని ముందే మొత్తుకున్నానని వంటావిడ అంటుంది. ఆ మొత్తుకోవడం విన్నవాళ్ళెవరికీ ఇప్పుడు గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఎదురింటి టీచరమ్మకే. "పేలడానికి చాలాసేపటి ముందే ఆవిడ గేటుకు తాళం వేసి నింపాదిగా వెళ్ళిపోవడం నా కళ్ళారా చూశాను" అని ఆవిడ సాక్ష్యం. కేసంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. అది నిలిస్తే వంటావిడ జైలుకు పోతుంది.

వంటావిడ ఒకరోజు షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "అమ్మా, ఆ టీచరమ్మ మంచావిడే. ఆవిడ మీద నాకు కోపం లేదు. కానీ ఆవిడ చెప్పింది జరగలేదమ్మా" అంది మా ఆవిడతో. అంతకంటే ఏమీ అడగలేదు. ఆ రోజు మా ఆవిడకు అన్నం సయించలేదు.

సీనియర్ గారు పెద్ద మనసుతో ముందుకొచ్చారు. "ఆ సాక్షిని నాకు వదిలెయ్. ఒక్క గదమాయింపుతో తేల్చేస్తాను" అన్నారు. మా ఆవిడ ఎటూ చెప్పకుండా, ఆయన పాత కేసుల్లో సాక్షుల వాంగ్మూలాలు తెచ్చి నా షాపులో కూర్చుని చదవడం మొదలుపెట్టింది. మన కోర్టుల్లో ప్రశ్న రాయరు, జవాబే రాస్తారు. నువ్వు అబద్ధం చెబుతున్నావని వకీలు ఉరిమితే, కాగితం మీదికి వచ్చేసరికి అది ‘నేను అబద్ధం చెబుతున్నాను అనుట నిజం కాదు’ అని చల్లబడిపోతుంది. ఆవిడ పేజీలు తిప్పుతోంది. అనుట నిజం కాదు, అనుట నిజం కాదు, అనుట నిజం కాదు. కింది దాకా అదే.

"ఇన్నేళ్ళూ ఈయన అరిచి సంపాదించింది ఇదా?" అంది చివరికి. "ఎదుటివాళ్ళు కాదనేది కాదు, అవుననేది అడగాలి కదండీ."

"నన్నడిగేవి అన్నీ అవే కదా, ఔననక చస్తానా?" అన్నాను. ఆవిడ నవ్వలేదు. నా వైపు కాసేపు ఆలోచనగా చూసింది.

మర్నాటి నుంచి ఇంట్లో అభ్యాసం. సాక్షిగా మా అమ్మను పట్టుకుంది. మా అమ్మకు చక్కెర జబ్బు. ఆ జబ్బుతోబాటు బిస్కట్ల డబ్బా మీద అపారమైన ప్రేమ. అబద్ధం చెబితే అతికినట్టుండాలి అంటారు, మా అమ్మ చెబితే మేకు కొట్టినట్టుంటుంది. మా ఆవిడ మొదట సీనియర్ గారి పద్ధతిలో మొదలుపెట్టింది.

"అత్తయ్యా, డబ్బాలో బిస్కట్లు మీరే తిన్నారు!"

"తిన్నానని ఎవరన్నారు? వాళ్ళని పిలువు."

"మీరు అబద్ధం చెబుతున్నారు!"

"ఈ వయసులో నాకు అబద్ధంతో పనేంటమ్మా? దేవుడనేవాడు చూస్తున్నాడు" అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొడి కనబడకుండా అని నా నమ్మకం.

మా ఆవిడ కూర్చుంది. ఈసారి గొంతు పెంచలేదు. మధ్యాహ్నం అందరం బయటికి వెళ్ళాక తలుపు ఎవరు వేసుకున్నారు అత్తయ్యా? నేనే. మేమొచ్చేదాకా ఇంకెవరైనా వచ్చారా? ఎవరొస్తారు? డబ్బా పై అరలో ఉంటుంది కదా, అందాలంటే స్టూలు కావాలి కదా? నాకైతే కావాలి, మీ ఆయనకి అక్కర్లేదు. స్టూలు ఎప్పుడూ స్నానాలగది దగ్గర ఉంటుంది కదా? ఉంటుంది. ఇప్పుడెక్కడుంది? అమ్మ వంటింట్లోకి తొంగి చూసింది. స్టూలు అర కిందనే ఉంది. "ఓసి నీ తెలివి తగలెయ్యా!" అని పగలబడి నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు చూశాను, నాకు ఎంత హాయిగా అనిపించిందో.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అమ్మకు ఉత్సాహం వచ్చింది. "బిస్కట్ల గోల వదిలెయ్. అది దొంగ సాక్ష్యం కాబట్టి దొరికిపోయాను. ఇప్పుడు నిజమైంది చెబుతాను, నా కళ్ళతో చూసింది. కదిలించు చూద్దాం" అంది.

అదేమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మకు ఎప్పుడో కడుపు ఆపరేషనైంది. అప్పుడు అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, ఆసుపత్రి గేటు దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా వెనక్కి వెళ్ళిపోయిందట. నీలం గొడుగు వేసుకుని తిరిగిపోతున్న చెల్లెల్ని అమ్మ కిటికీలోంచి చూసిందట. తోడబుట్టింది చూడ్డానికి రాకపోతే సరే, వచ్చి చూడకుండా పోవడమా! ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పిన్ని ఒకటి రెండుసార్లు ఫోను చేసింది, అమ్మ తీయలేదు. మేం చెప్పి చూశాం. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నా కళ్ళారా చూశానురా అంటే ఇక ఎవరేం మాట్లాడతారు?

"ఆపరేషనైన రోజేనా అత్తయ్యా, పిన్నిగారు వచ్చింది?" అని మొదలుపెట్టింది మా ఆవిడ.

"ఆ రోజే. సాయంత్రం."

"సెలైన్ ఎక్కుతోందా అప్పటికి?"

"రెండు చేతులకీ."

"మంచం దిగారా?"

"దిగనిస్తేగా! పక్కకి ఒత్తిగిలాలన్నా నర్సు రావలసిందే."

"పడుకున్నచోటి నుంచి కిటికీ కనబడేదా?"

"బాగా కనబడేది. దుప్పట్లు ఆరేసిన తాళ్ళు, ఆ వెనకాల గోడ. ఎంతసేపని చూస్తాను ఆ దుప్పట్లని? మర్నాడు గది మార్చాక కాస్త ప్రాణం లేచొచ్చింది. అందులోంచైతే గేటు..."

అమ్మ ఆగిపోయింది.

మా ఆవిడ ఇంకో ప్రశ్న వేయలేదు. అమ్మ తన చేతుల వైపు, సూదులు గుచ్చిన చోటు వెతుకుతున్నట్టు చూసుకుంది. "మరి గొడుగు? నీలం గొడుగు నాకు కనబడుతూనే ఉందే ఇప్పటికీ" అంది. తర్వాత చాలా మెల్లిగా, "మీ నాన్న చెప్పారేమో. కిందికి మందుల కోసం వెళ్ళొచ్చి చెప్పారు" అంది. మా నాన్న పోయి చాలా కాలమైంది. అడగడానికి లేరు. అమ్మ లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ తర్వాత రెండు మూడు రోజులు ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ పిలిస్తే పలికేది, అంతే. బిస్కట్ల డబ్బా ముట్టుకోలేదు. అది చూస్తే నాకు మరీ భయం వేసింది. మా ఆవిడ వంటింట్లో గోడవైపు తిరిగి ఏడ్చింది. "గట్టిగా అడగలేకపోతే చేతకానిదాన్నన్నారు. మెల్లిగా అడిగితే ఇదిగో, ఇంత పాపం. ఆవిడ ఇన్నేళ్ళు పట్టుకున్నది లాగేశాను. ఆ టీచరమ్మని కూడా ఇలాగే చెయ్యాలా? నా వల్ల కాదు. సీనియర్ గారికే ఇచ్చేస్తాను" అంది. ఇచ్చేయమంటే వంటావిడ మొహం గుర్తొస్తుంది, వద్దంటే ఈవిడ మొహం కనబడుతోంది.

మాట అమ్మ చెవిన పడింది. గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవరికిస్తావు? ఆ గావుకేకల ఆయనకా? అమ్మాయ్, ఆయన అరిస్తే నేను చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. చూశాననే చెప్పేదాన్ని, ఇంకా రెండు కలిపి చెప్పేదాన్ని. నువ్వు అరవలేదు కాబట్టి నా మాట నాకే వినబడింది." కోడలి చెయ్యి పట్టుకుని, "నాకు బాధగానే ఉంది. ఉండనీ. ఆవిడ జైలుకెళ్ళడం కంటేనా? నన్నడిగినట్టే అడుగు" అంది. అత్తాకోడళ్ళు ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు వాలి ఏడుస్తుంటే నేను షాపుకు పోయాను.

వాయిదా రోజు షాపు మూసేశాను. అమ్మ తనూ వస్తానంది. ఇద్దరం కోర్టు హాల్లో చివరి బెంచీ మీద కూర్చున్నాం. సీనియర్ గారు ఎందుకైనా మంచిదని కోటు సర్దుకుని ముందు వరుసలో తయారుగా ఉన్నారు. టీచరమ్మ బోనెక్కింది. పలకల్లాంటి కళ్ళద్దాలు, ఇస్త్రీ చేసిన బట్టలు, తడబాటు లేని మాట. తాళం వేసి నింపాదిగా వెళ్ళిపోయింది, చాలాసేపటికి పేలింది, కళ్ళారా చూశాను అంది. ఆవిడ అబద్ధం చెబుతోందని నాకే అనిపించలేదు. వంటావిడ తల వంచుకుని నిలబడి ఉంది.

జడ్జి గారు మా ఆవిడ వైపు చూశారు. "క్రాస్?" అన్నారు. టైపిస్టు అలవాటు కొద్దీ ‘నిల్’ కొట్టడానికి వేళ్ళు పెట్టేశాడు. మా ఆవిడ లేచింది. చేతిలో కాగితం బల్ల మీద పెట్టేసింది.

"టీచరు గారూ, ఆ మధ్యాహ్నం మీరు బట్టలు కుడుతున్నారు కదండీ?"

"అవునమ్మా. మనవరాలి గౌను." ఆవిడకు ఆశ్చర్యమేసినట్టుంది.

"కుట్టు మిషను వెనక గదిలో ఉంటుంది కదండీ?"

"అవును."

"ఆ గదికి వీధివైపు కిటికీ లేదు కదండీ?"

"లేదు. చీకటని లైటు వేసుకుంటాను."

"పేలిన చప్పుడు విన్నప్పుడు మీరు మిషను దగ్గరే ఉన్నారా?"

"సూది విరిగిపోయిందమ్మా ఆ అదురుకి. లేచి బాల్కనీలోకి పరిగెత్తాను."

"పోలీసులకి కూడా మొదటి రోజు అదే చెప్పారు, కదండీ? బట్టలు కుడుతుంటే చప్పుడు విని బాల్కనీలోకి వచ్చానని."

"జరిగింది అదే కదమ్మా."

"అన్నం తిన్నాక మిషను ముందు కూర్చుని, చప్పుడయ్యేదాకా లేవలేదు కదండీ?"

"లేవలేదు. సాయంత్రానికి గౌను ఇవ్వాలి."

ఒక్కొక్క జవాబే జడ్జి గారు నిదానంగా చెప్పించి రాయిస్తున్నారు. నిజమే, నిజమే, నిజమే. టైపిస్టు తలెత్తి మా ఆవిడను చూశాడు.

"బాల్కనీలోంచి చూసేసరికి వంటావిడ గేటు దగ్గర ఉంది కదండీ?"

"అవును, పరిగెత్తుతోంది. పాపం, కాళ్ళకి చెప్పులు కూడా లేవు. చేతులూపుతూ ఎవరినో పిలుస్తోంది."

"హాస్టల్ లోపల ఆవిడ చెప్పులు వేసుకోదని, ఇంటికి వెళ్ళేటప్పుడే వేసుకుంటుందని మీకు తెలుసు కదండీ?"

"రోజూ చూస్తానుగా. వంటింటి గుమ్మం దగ్గర విడుస్తుంది."

మా ఆవిడ ఆగింది. సీనియర్ గారు ముందుకు వంగి, "అడుగు, అడుగు! మరి అబద్ధం ఎందుకు చెప్పావని అడుగు!" అని గుసగుసలాడారు. ఆయన గుసగుస వరండాలోకి వినబడింది. మా ఆవిడ ఆయన వైపు చూసి, టీచరమ్మ వైపు చూసి, నమస్కారం పెట్టి, "అంతేనండీ" అని కూర్చుంది.

టీచరమ్మ దిగలేదు. బోను కర్ర పట్టుకుని అలాగే నిలబడింది. "ఆగండి" అంది జడ్జి గారితో. "నేను మిషను దగ్గరుంటే, మరి ఆవిడ తాళం వెయ్యడం నేనెప్పుడు చూశాను?"

టీచరమ్మ వంటావిడ వైపు తిరిగింది. "వీధిలో అందరూ తాళం వేసి వెళ్ళిపోయిందనే అన్నారు. రోజూ అదే మాట. వినీ వినీ..." అని కళ్ళద్దాలు తీసింది. "నేను చూడలేదండీ. చూశాననే అనుకున్నాను. ఒట్టు, ఇప్పటిదాకా చూశాననే అనుకున్నాను."

జడ్జి గారు అది కూడా రాయించారు. మా ఆవిడ తను అవతలి వైపు వకీలే కానట్టు లేచి వెళ్ళి ఆ పెద్దావిడ మెట్లు దిగడానికి చెయ్యి అందించింది. వంటావిడ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. కేసు తర్వాత కొట్టేశారు. తీర్పులో ఆ టీచరమ్మ మాటే రాశారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు, ఆ మర్నాడే కుర్ర వకీలు షాపుకొచ్చి, "నిల్ మేడం గారు క్రాస్ ఎలా నేర్చుకున్నారో మీకేమైనా తెలుసా?" అని నన్నడిగాడు. స్టూలు ఎక్కడుందో చూడమని చెప్పాను. అతనికేం అర్థమై ఉంటుంది!

కానీ నాకు ఆ రోజు గుర్తుండిపోయింది కోర్టు కాదు. ఇంటికి వచ్చి అమ్మ చెప్పులు విడవగానే నా చేతికి ఫోనిచ్చి, "మీ పిన్నికి చెయ్" అంది. అవతల మోగుతుంటే అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది. పిన్ని తీయగానే ఫోను అమ్మకిచ్చాను. పిన్ని ఎవరూ అని అడిగి, అక్కయ్య గొంతు వినగానే ఏడుపు మొదలెట్టింది. పక్కనున్న మాకు కూడా వినబడుతోంది.

"ఆ రోజు ఆసుపత్రికి వచ్చావు కదూ?" అంది అమ్మ.

"వచ్చానక్కా. చూసే టైము అయిపోయిందని వాచ్‌మన్ రానివ్వలేదు. ఎంత బతిమాలినా వదల్లేదు. కాస్త అవతలికెళ్ళి చెట్టు కింద నిలబడ్డాను. ఏ కిటికీలోంచైనా కనబడతావేమోనని, చీకటి పడేదాకా అన్ని కిటికీలూ చూశాను. నువ్వు చూసే ఉంటావనుకున్నాను. మరి ఎందుకు కోపమొచ్చిందో ఇన్నాళ్ళూ తెలియలేదక్కా."

అమ్మ నేల మీద కూలబడింది. మా ఆవిడ పక్కన కూర్చుని పట్టుకుంది. అమ్మ ఫోను రెండు చేతులతో చెవికి అదిమిపెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కుతూ ఒకటే మాట చెబుతోంది.

"నేను చూడలేదే చెల్లీ. నేను చూడనేలేదు."